రెండు వందల గజాల ఇంటికి ఆర్కిటెక్టు ఎప్పుడు అవసరం?

వరంగల్, హన్మకొండ, కాజీపేటల చుట్టూ వెలసిన కాలనీలలో ఇల్లు కట్టదలచిన కుటుంబం మొదట వాస్తు చూసే సిద్ధాంతి దగ్గరికి, తర్వాత కార్పొరేషన్ అనుమతికి ప్లాన్ గీసే ఇంజనీరు దగ్గరికి, ఆ తర్వాత గజానికో చదరపు అడుగుకో ధర చెప్పే మేస్త్రి దగ్గరికి వెళుతుంది. అప్పు కావాలంటే బ్యాంకు ఎలాగూ ఉంటుంది. ఈ వరుసలో ఆర్కిటెక్టు ప్రస్తావన వస్తే గిస్తే చివరన, అదీ ఇంటి ముందుభాగం ఎలా కనబడుతుందోనన్న బెంగ పుట్టినప్పుడు వస్తుంది. అప్పటికి పిల్లర్లు లేచి, మెట్ల చోటు ఖరారై, మొదటి స్లాబు కూడా పడి ఉంటుంది కాబట్టి ఆయన చేయగలిగింది రంగులూ, టైల్సూ, బాల్కనీకి నాలుగు గీతలూ తప్ప మరేమీ మిగలదు. ఆర్కిటెక్టు అంటే అలంకారానికి పెట్టే ఖర్చు అన్న అభిప్రాయం బలపడటానికి ఆయనను పిలిచే సమయమే చాలావరకు కారణం.

అసలు ఇల్లు కట్టడానికి ముందు కాగితం మీద జరగవలసిన పనులు వేర్వేరు. కార్పొరేషన్‌కు సమర్పించే అనుమతి నక్షా ఒకటి. గదులు, మెట్లు, కిటికీలు, నీళ్ల గొట్టాలు, కరెంటు తీగలు ఎక్కడెక్కడ ఉండాలో ఆ కుటుంబం బతికే తీరును బట్టి నిర్ణయించే డిజైను మరొకటి. ఫుటింగులు (పిల్లర్ల కింది పునాదులు), పిల్లర్లు, బీములు, స్లాబులలో ఎంత ఇనుము, ఏ మోతాదు కాంక్రీటు అని లెక్కగట్టే స్ట్రక్చరల్ డిజైను ఇంకొకటి. గీసినది గీసినట్టు కట్టుతున్నారో లేదో సైటు మీద చూసే పర్యవేక్షణ వేరే. ఈ నాలుగూ ఒకే మనిషి ఒకే కాగితంతో చేసి పెడతాడని నమ్మి డబ్బు ఇచ్చేవారికి చాలా సందర్భాలలో చేతికి వచ్చేది మొదటిది మాత్రమే. తక్కిన మూడింటినీ మేస్త్రి తన అనుభవంతో, సెంట్రింగు వేసే రోజున, నిలబడిన చోటనే నిర్ణయిస్తాడు. అతని అనుభవాన్ని తక్కువ చేయనక్కర లేదు గాని, పది ఇళ్లకు సరిపోయిన కొలత పదకొండో ఇంటి నేలకూ, కుటుంబానికీ సరిపోతుందన్న హామీ అందులో లేదు.

అనుమతి దొరకడం సులభమైన కొద్దీ ఈ గందరగోళం పెరిగింది. తెలంగాణ ప్రభుత్వం భవన అనుమతుల కోసం 2020లో తెచ్చిన టీఎస్‌బీపాస్ చట్టం ప్రకారం 75 చదరపు గజాల లోపు స్థలంలో 7 మీటర్ల ఎత్తు వరకు కట్టే ఇంటికి అనుమతి అవసరం లేదు, ఒక రూపాయి చెల్లించి ఆన్‌లైన్‌లో నమోదు చేసుకుంటే చాలు. 500 చదరపు మీటర్ల వరకు, అంటే దాదాపు 600 గజాల వరకు, 10 మీటర్ల ఎత్తు మించని ఇళ్లకు యజమాని స్వీయ ధ్రువీకరణ మీద వెంటనే అనుమతి వస్తుంది. అంతకు మించినవి 21 రోజుల గడువుతో సింగిల్ విండో కింద పరిశీలనకు వెళతాయి. ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తగ్గించిన మేలైన మార్పే ఇది. అయితే స్వీయ ధ్రువీకరణ అంటే బాధ్యత పూర్తిగా యజమాని నెత్తి మీదికి వచ్చిందని అర్థం. అనుమతికి భిన్నంగా కట్టినట్టు తేలితే నోటీసు ఇవ్వకుండానే కూల్చే అధికారాన్ని కూడా అదే చట్టం ఇచ్చింది. పైగా ఆ అనుమతి సెట్‌బ్యాకులూ (ఇంటి చుట్టూ వదలవలసిన ఖాళీ జాగా) ఎత్తూ వంటి నిబంధనలకు సంబంధించినదే తప్ప ఇంట్లో గాలి ఆడుతుందా, వంటగదిలోకి వెలుగు వస్తుందా అన్నది ఎవరూ చూసి ముద్ర వేయరు.

చట్టం విషయంలో ఇంకొక అపోహ కూడా ఉంది. 1972 నాటి ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదైన వారే తమను ఆర్కిటెక్టు అని చెప్పుకోవాలి. ఆ చట్టం అడ్డుకునేది ఆ హోదా వాడుకోవడాన్నే గాని ఇళ్ల డిజైను చేయడాన్ని కాదని సుప్రీంకోర్టు 2020 మార్చిలో స్పష్టం చేసింది. కాబట్టి సివిల్ ఇంజనీరు ఇంటి ప్లాన్ గీయడం చట్టవిరుద్ధమేమీ కాదు. మంచి ప్లాన్ గీసే ఇంజనీర్లు వరంగల్‌లో ఉన్నారు, పేలవమైన ప్లాన్ గీసే ఆర్కిటెక్టులూ ఉంటారు. తేడా చదువులో ఉంది: ఆర్కిటెక్టులు చదివే ఐదేళ్ల బీఆర్క్ డిగ్రీలో ఎక్కువ కాలం స్థలాన్ని మనుషుల కదలికకూ, వెలుగుకూ, గాలికీ అనుగుణంగా మలచడం మీదే గడుస్తుంది, సివిల్ ఇంజనీరింగ్‌లో ఎక్కువ కాలం కట్టడం నిలబడటం మీద గడుస్తుంది. ఇంటికి రెండూ కావాలి. ప్రశ్న ఏమిటంటే మొదటి దానికి విడిగా డబ్బు పెట్టవలసినంత చిక్కు ఆ స్థలంలోనూ, ఆ కుటుంబ అవసరంలోనూ ఉందా అన్నది.

ఆ చిక్కు ఎక్కడ ఉంటుందో తెలుసుకోవడానికి ఈ ప్రాంతంలో అత్యంత సాధారణమైన 30 అడుగుల ముఖం, 60 అడుగుల లోతు ఉన్న 200 గజాల తూర్పు ముఖం స్థలాన్నే తీసుకోవచ్చు. ఇరువైపులా, వెనుకా మీటరు చొప్పున, ముందు మీటరున్నర వదలవలసి వస్తే కట్టుకోవడానికి మిగిలేది సుమారు ఇరవై మూడున్నర అడుగుల వెడల్పు, యాభై రెండు అడుగుల లోపు పొడవు. బయటి గోడలు తొమ్మిది అంగుళాలవి వేసి, నడుమ మూడున్నర అడుగుల నడవా పెట్టి, దానికి అటూ ఇటూ నాలుగున్నర అంగుళాల గోడలు లేపితే ఒక్కో గదికి దక్కే వెడల్పు తొమ్మిది అడుగులకు కొంచెం తక్కువ. ఆరడుగుల మంచం, రెండడుగుల అల్మారా పెట్టిన తర్వాత ఆ గదిలో మనిషి పక్కకు తిరిగి నడవాలి. అదే నడవా లేకుండా హాలు నుంచే గదులలోకి దారి తీసే ప్లాన్ అయితే పక్కపక్కన రెండు గదులకు దాదాపు పదకొండు అడుగుల చొప్పున వస్తుంది. వెడల్పులో రెండడుగులు గదిని గది చేస్తాయి. ఈ రెండు ప్లాన్లకూ ఒకే సిమెంటు, ఒకే ఇనుము, ఒకే కూలి. తేడా అంతా పెన్సిల్‌తో గడిపిన సమయంలో ఉంది.

వెలుగు సంగతి ఇంకా మొండిది. పొడవైన ఉత్తర, దక్షిణ గోడలకు మీటరు దూరంలో ప్రహరీ, దానికి అవతల మరో మీటరులో పొరుగింటి గోడ లేస్తే కిటికీలు ఎన్ని పెట్టినా ఇంటి నడిమి భాగంలో పట్టపగలు లైటు వేయక తప్పదు. పొరుగు స్థలం ఖాళీగా ఉన్నంత కాలం ఈ లోపం కనబడదు, అది నిండిన ఏడాది తెలిసివస్తుంది. ఓరుగల్లు కోట పరిసరాలలోనూ, జనగామ, పరకాల వైపు ఊళ్లలోనూ ఇంకా అక్కడక్కడ మిగిలిన పాత భవంతి ఇళ్లలో నడుమ ఆకాశానికి తెరిచిన జాగా ఉండేది, చుట్టూ అర్రలు ఉండేవి, వర్షపు నీరు అందులోకే దిగేది. ఇప్పటి స్థలంలో అంత విలాసం కుదరదు గాని, మెట్ల పక్కన ఐదడుగులు ఆరడుగుల తెరపి వదిలి పైన ఇనుప జాలీ వేస్తే ముప్పై చదరపు అడుగుల నష్టంతో నాలుగు గదులకు వెలుగు దొరుకుతుంది. ఇంటి నడిమి భాగం బ్రహ్మస్థానమని, అక్కడ బరువు ఉండరాదని వాస్తు కూడా చెబుతుంది కాబట్టి ఇంటి పెద్దలను ఒప్పించడం కష్టం కాదు.

వాస్తును పట్టించుకోని ఆర్కిటెక్టు ఇక్కడ ఎక్కువ కాలం పని దొరకక ఇబ్బంది పడతాడు. వాస్తు చెప్పిన దానిని అక్షరాలా గీసి ఊరుకునేవాడి వల్ల ఇంటివారు వేసవిలో ఇబ్బంది పడతారు. ఉదాహరణకు యజమాని పడకగది నైరుతిలో ఉండాలన్నది దాదాపు అందరూ పాటించే నియమం. మే నెలలో 43, 44 డిగ్రీలు దాటే ఊళ్లో మధ్యాహ్నం మూడు నుంచి పొద్దు గూకే దాకా ఎండ తినేది సరిగ్గా ఆ మూల గోడలే. ఆ వేడిని గోడ రాత్రి పదింటికి గదిలోకి వదులుతుంది. నియమం మార్చనక్కర లేదు. పడమటి గోడ పొడవునా అల్మారాలు పెట్టడం, ఆ గోడకు కిటికీ చిన్నదిగా, సజ్జ లోతుగా ఇవ్వడం, గాలి కోసం దక్షిణపు కిటికీని నమ్ముకోవడం వంటి ఉపాయాలతో అదే గది నాలుగు డిగ్రీలో రెండు డిగ్రీలో చల్లబడకపోయినా నిద్ర పట్టే స్థితికి వస్తుంది. పై అంతస్తు స్లాబు వేడి మరో సమస్య. 2023లో ప్రభుత్వం ప్రకటించిన కూల్ రూఫ్ విధానం 600 గజాల లోపు ఇళ్లకు నిర్బంధం కాదు గాని, స్లాబు మీద తెల్లటి పూతో, కూల్ రూఫ్ టైల్సో వేయాలన్న ఆలోచన ఎస్టిమేటు దశలోనే ఉంటే తర్వాత ఏసీ బిల్లులో కనబడుతుంది.

స్థలం కంటే కుటుంబ అవసరమే కొన్నిసార్లు పెద్ద చిక్కు. ఉత్తర తెలంగాణ పట్టణాలలో ఇల్లు ఒక్కసారిగా పూర్తయ్యేది తక్కువ. ముందు కింది అంతస్తు, పెద్ద కొడుకు ఉద్యోగంలో కుదిరాక మొదటి అంతస్తు, బిడ్డ పెళ్లి అయ్యాక పెంట్‌హౌస్, రోడ్డు వెడల్పయితే ముందు రెండు మడిగెలు. పైన కిరాయికి ఇవ్వాలన్న ఉద్దేశం మొదటి రోజునే ఉంటే మెట్లు బయటి నుంచి, ఇంటివారి గుమ్మం ముందు నుంచి కాకుండా, విడి కరెంటు మీటరుతో, విడి నీళ్ల లైనుతో ఉండాలి. ఆ ఉద్దేశాన్ని ప్లాన్ గీసేవారికి చెప్పకపోవడం వల్ల కిరాయిదారు వచ్చిపోయేటప్పుడల్లా ఇంటివారి వరండా దాటవలసిన ఇళ్లు ప్రతి కాలనీలో కనబడతాయి. కింద నాలుగు గదులు, పైన డూప్లెక్సు హాలు అనుకున్నప్పుడు కింది గోడల మీద పై గోడలు రాకపోవడం, చివరకు బీము మీద పిల్లరు నిలబెట్టవలసి రావడం కూడా ఇలా విడతలవారీగా ఆలోచించడం వల్లనే జరుగుతుంది. పదేళ్లలో ఇల్లు ఎలా పెరుగుతుందో ముందే గీసి, అందులో ఇప్పటికి కట్టగలిగిన భాగాన్ని మాత్రమే కట్టడం ఆర్కిటెక్టు నుంచి పొందగలిగిన అత్యంత విలువైన సేవ అని చెప్పడానికి సందేహం అక్కర లేదు. దానికి అవసరమయ్యేది కంప్యూటరు బొమ్మలు కాదు, ఇంట్లో అందరితోనూ ఓపికగా మాట్లాడే మనిషి.

ఇక ఫీజు. కొందరు చదరపు అడుగుకు ఇంత అని, కొందరు నిర్మాణ వ్యయంలో ఇంత శాతం అని అడుగుతారు. లెక్క కోసం రెండు అంతస్తులు కలిపి 2,400 చదరపు అడుగుల ఇల్లు, అడుగుకు 2,000 రూపాయల ఖర్చు అనుకుంటే మొత్తం 48 లక్షలు. ఫీజు నాలుగు శాతం అనుకుంటే లక్షా 92 వేలు. వినడానికి పెద్ద మొత్తమే. అయితే పైన చెప్పిన మూడున్నర అడుగుల నడవా ఇరవై అడుగుల పొడవున రెండు అంతస్తుల్లో ఉంటే అది 140 చదరపు అడుగులు, అంటే అదే ధరకు రెండు లక్షల 80 వేల రూపాయలు పోసి కట్టుకున్న, ఎవరూ కూర్చోని, ఎవరూ పడుకోని జాగా. గోడలు లేచాక కరెంటు పైపులకు పగలగొట్టడం, బాత్‌రూము వాలు తప్పి టైల్సు తీసి మళ్లీ వేయడం, ద్వారబంధం తెచ్చాక తలుపు చోటు మార్చడం వంటివి ఎస్టిమేటులో ఎప్పుడూ ఉండవు, ఖర్చులో ఎప్పుడూ ఉంటాయి. అలాగని ప్రతి ఆర్కిటెక్టూ తన ఫీజును ఇలా తిరిగి తెచ్చిపెడతాడని చెప్పలేము. ముఖద్వారం పైన రెండంతస్తుల ఎత్తు హాలు, పడమటి వైపు అద్దాల గోడ గీసి ఖర్చునూ వేడినీ కలిపి పెంచేవారూ ఉన్నారు. హైదరాబాద్‌లో కూర్చుని అందమైన త్రీడీ బొమ్మలు పంపి, దాదాపు నూటా నలభై కిలోమీటర్లు దాటి సైటుకు రావడానికి మాత్రం వీలుపడని సంస్థకు ఇచ్చిన ఫీజు కంటే రోజూ స్కూటరు మీద వచ్చి ఇనుము కట్టు చూసే స్థానిక ఇంజనీరుకు ఇచ్చిన డబ్బు మేలు.

కాంట్రాక్టరు ప్లాన్ ఉచితంగా గీసి ఇస్తానన్నప్పుడు కూడా ఇదే లెక్క వేసుకోవాలి. ఎంత ఎక్కువ కడితే అంత రాబడి ఉన్న మనిషికి నడవా తగ్గించాలన్న ఆత్రం ఎందుకు ఉంటుంది? నమోదైన ఆర్కిటెక్టు సరుకు అమ్మేవారి నుంచి గాని కాంట్రాక్టరు నుంచి గాని కమీషను తీసుకోరాదని కౌన్సిల్ వృత్తి నియమావళి చెబుతుంది. అందరూ దానిని పాటిస్తారని కాదు, పాటించకపోతే ఫిర్యాదు చేయడానికి ఒక చోటు ఉందన్నది ముఖ్యం.

ఆర్కిటెక్టు విషయంలో అవునూ కాదూ రెండింటికీ తావుంది గాని, స్ట్రక్చరల్ ఇంజనీరు విషయంలో అలాంటి తావు లేదు. ఈ నేల ఒకే రకం కాదు. చెల్క నేల, దాని కింద గట్టి మొరం తగిలిన చోట పునాదికి పెద్ద చిక్కు ఉండదు. కొంత దూరంలోనే నల్లరేగడి ఉంటే అది వానాకాలంలో ఉబ్బి, ఎండాకాలంలో ముడుచుకుని, తక్కువ లోతు ఫుటింగులను కదిలిస్తుంది, గోడలకు ఏటవాలు పగుళ్లు వస్తాయి. చెరువు శిఖం దగ్గరో, మట్టి పోసి చదును చేసిన వెంచరులోనో అయితే పోసిన మట్టి దాటి అసలు నేల తగిలే దాకా తవ్వించక తప్పదు. పక్కింటికి ఐదడుగులు సరిపోయింది కాబట్టి మనకూ సరిపోతుందన్న మాట ఇక్కడే పనికిరాకుండా పోతుంది. 2024 డిసెంబరు 4 ఉదయం ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో వచ్చిన భూకంపం వరంగల్‌లోనూ, హైదరాబాద్ దాకానూ తెలిసింది. ప్రాణనష్టం లేకపోవడం అదృష్టమే. కింద గోడలు లేకుండా పార్కింగుకో మడిగెలకో పిల్లర్ల మీద వదిలి, పైన మూడు అంతస్తులు గోడలతో నింపే ఇళ్లు అలాంటి కుదుపులో ఎక్కువ బలహీనమని ఇంజనీరింగ్ తెలిసిన వారెవరైనా చెబుతారు. రెండు అంతస్తులకు వేసిన ఫుటింగు మీద నాలుగో స్లాబు వేయడం, రేపటి పిల్లరు కోసం పైన వదిలిన చువ్వలు పదేళ్లు వానకు తడిసి తుప్పు పట్టాక వాటికే కొత్త ఇనుము అతకడం కూడా ఈ కోవలోనివే.

వరదలు ఇంకొక పాఠం నేర్పాయి. 2020 ఆగస్టులోనూ, 2023 జూలైలోనూ నగరంలోని లోతట్టు కాలనీలు నీట మునిగాయి. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 64 సెంటీమీటర్లకు మించి వాన పడింది. బేస్‌మెంటు ఎత్తు నిర్ణయించేటప్పుడు ఇప్పుడున్న రోడ్డును చూసి రెండడుగులు పెంచితే చాలదు. పాత సీసీ రోడ్డు తవ్వకుండానే దాని మీద కొత్తది వేసే అలవాటు ఉన్న చోట, కొన్నేళ్లకు రోడ్డే గడప కంటే ఎత్తవుతుంది. నాలా ఎటు పోతుంది, వీధిలో నీరు ఎక్కడ ఆగుతుంది, సంపు మూత ఏ మట్టంలో ఉండాలి అన్నవి స్థలం దగ్గర నిలబడి, వీలయితే ఒక వానాకాలం చూసి నిర్ణయించవలసినవి. ఆ పని ఆర్కిటెక్టు చేసినా, ఇంజనీరు చేసినా, పక్కింటి పెద్దమనిషి చెప్పినా మంచిదే.

దీనిని బట్టి ఆర్కిటెక్టు లేకుండా నిశ్చింతగా కట్టుకోగలిగిన ఇళ్లు ఏవో కూడా తేలుతుంది. ఐదు లక్షల సాయంతో కనీసం 400 చదరపు అడుగులలో కట్టే ఇందిరమ్మ ఇంటికి ఆర్కిటెక్టు ఫీజు అర్థం లేని ఖర్చు. ఊళ్లో అర ఎకరం జాగాలో, నాలుగు వైపులా ఖాళీతో, ఒకే అంతస్తు ఇల్లు కట్టుకునే రైతుకు కూడా అనుభవమున్న ఇంజనీరూ మేస్త్రీ చాలు, ఎందుకంటే వెలుగూ గాలీ ఆ జాగాయే ఇస్తుంది. పట్టణంలోనైనా స్థలం చతురస్రంగా, నాలుగు వందల గజాలకు పైగా ఉండి, అవసరం మూడు పడకగదులతో తీరేదయితే, అలాంటి ఇల్లు ఒకటి ఇప్పటికే కట్టి అందులో ఐదారేళ్లు ఉన్నవారి అనుభవం అడిగి తెలుసుకుని అదే ప్లాన్ వాడుకోవడంలో తప్పు లేదు. రెండు వేసవులు, రెండు వానాకాలాలు గడిపిన ఇల్లే సరైన నమూనా, గృహప్రవేశం నాటి ఇల్లు కాదు. అందుకు భిన్నంగా ఇరుకు ముఖం, వంకర హద్దులు, రెండు వైపులా ఎత్తైన ఇళ్లు, అన్నదమ్ముల ఉమ్మడి వాటా, కింద వ్యాపారం పైన కాపురం, విడతలవారీ నిర్మాణం వంటివి రెండు మూడు కలిసి వచ్చిన చోట ఆర్కిటెక్టును పిలవకపోవడం పొదుపు కాదు.

మొత్తం సేవ కొనలేనివారికి నడిమి మార్గం ఉంది. డిజైను వరకే, అంటే గదుల ప్లాను, మెట్లు, కిటికీలు, నీళ్లు, కరెంటు గీతల వరకే ఒప్పందం చేసుకుని, స్ట్రక్చరల్ డిజైను స్థానిక ఇంజనీరుతో, పర్యవేక్షణ ముఖ్యమైన రోజులకు మాత్రమే, అంటే ముగ్గు పోసే రోజు, ఫుటింగు ఇనుము కట్టిన రోజు, ప్రతి స్లాబుకు ముందు రోజు అని మాట్లాడుకోవచ్చు. కుదుర్చుకునే ముందు కౌన్సిల్ నమోదు సంఖ్యను వారి వెబ్‌సైటులో సరిచూడటం, ఆయన కట్టించిన ఇళ్లలో ఒకటి రెండింటికి మధ్యాహ్నం వేళ వెళ్లి లైట్లు ఆర్పి చూడటం, సిద్ధాంతి చెప్పవలసినవి ప్లాను మొదలు కాకముందే రాయించుకోవడం అవసరం. ఎన్ని సార్లు మార్పులు చేస్తారు, ఎన్ని సార్లు సైటుకు వస్తారు, ఫీజు ఏ దశలో ఎంత అన్నవి కాగితం మీద ఉండాలి. సొంతంగా కట్టించుకునే ఇంటికి, బిల్డర్ల దగ్గర కొనేవారి కోసం ఉన్న రెరా చట్టం రక్షణ వర్తించదు గాని, 2019 వినియోగదారుల రక్షణ చట్టం సేవల నిర్వచనంలో గృహ నిర్మాణం కూడా ఉంది. ఫిర్యాదు దాకా వెళితే నోటిమాట ఒప్పందాన్ని నిరూపించడం కష్టం.

ఇల్లు పూర్తయ్యాక స్ట్రక్చరల్ నక్షాలనూ, గోడల్లో పైపులు ఎటు పోయాయో చూపే గీతలనూ, పనిలో చేసిన మార్పులు రాసిన కాగితాలతో సహా, సంతకంతో తీసుకుని రిజిస్ట్రేషన్ దస్తావేజు ఉన్న ఫైలులోనే పెట్టుకోవాలి. ఎనిమిదేళ్ల తర్వాత పై అంతస్తు వేయడానికి వచ్చే మేస్త్రి వేరే మనిషి కావచ్చు, ఫుటింగు ఎన్ని అంతస్తులకు వేశారో అప్పుడు చెప్పగలిగేది ఆ కాగితమే.